నడుం నొయ్యాల్సిన కాడ మెడ నొచ్చింది

"అవ్వా, మెడ గుంజుతంది. జర బామ్ రాయవా?"

రా, ఇట్ల అరుగు మీద కూసో, నా దిక్కు వీపు పెట్టి. జడ ముందలికి ఏసుకో. నా ముచ్చట్లు ఫోన్ల రికార్డు చేస్తనంటివి గదా, పెట్టుకో. పెట్టి దాన్ని బోర్ల ఎయ్యి. గట్లనన్న దాని మొకం జూడకుంట జరసేపు ఉంటవ్.

ఏడ నొస్తంది? ఈడనా? అబ్బో, కట్టె లెక్క బిగిసింది గదనే. శ్రావణీ, ఒక్క మాట అడుగుత, జవాబు చెప్పు. నువ్వు కామారెడ్డిల కుట్టు దుకాణం పెట్టినవ్. మిషన్ తొక్కేటోళ్లకు నడుం నొయ్యాలె, కాళ్లు గుంజాలె. నువ్వు మిషన్ ముట్టక ఎన్ని దినాలైందో నీకే తెల్వాలె. మల్ల మెడ ఎందుకు నొస్తంది?

నాకెరుకే. నాకు గూడ ఒకపారి గిట్లనే నొచ్చింది. అప్పుడు ఈ ఫోన్లు లేవు, టీవీలు లేవు, అయినా నొచ్చింది. చెప్త ఆగు, కదలకు.

మా అవ్వగారి ఊరు మాచారెడ్డి దిక్కని నీకు తెల్సు గదా. మా నాయినకు అంత మెట్ట చెల్కనే. మక్కలు, జొన్నలు, పెసర్లు. వరి అంటే మాకు పండుగకు తినేది గని, బురదల దిగి నాటేది గాదు. గసొంటి దాన్ని తెచ్చి ఈ ఎల్లారెడ్డి దిక్కు, చెర్వు కింద పొలాలున్న ఇంట్ల ఇచ్చిండ్రు. మీ తాతకు నేను నచ్చిన్నా అంటే, ఏమో, పెండ్లిచూపులకు వచ్చి నా మొకం కంటె మా నాయిన ఎడ్లనే ఎక్కువ జూసిండు. గది వేరే ముచ్చట. ఏం చెప్తున్న... ఆ, నాట్లు.

నాటు ఎట్లేస్తరో జూసినవా నువ్వు? ఇప్పుడు ఏడికెల్లో మొగోళ్లు ముఠాలు గట్టుకోని వచ్చి ఏసి పోతున్నరు, మిషన్లు గూడ దిగినయ్. అప్పుడు ఆడోళ్లమే. కైకిలికి పైసలు గూడ గాదు, వడ్లు కొలిసి ఇస్తుండ్రి. అందరం వరుసగ నిలవడుతం. ఒక్కొక్కళ్లకు చేతులు సాపినంత జాగ, దాన్ని మునుం అంటరు. నీ మునుం నీది, పక్కామెది పక్కామెకు. వంగి, నారు నాటుకుంట ఎన్కకు నడుస్తం. ఎన్కకు, సమజైందా? అంటే హుషారున్నామె నీ కండ్ల ముందట పోదు, నీ వీపెన్కకు పోతది. ఆమె ఎంత దూరం పోయిందో తెల్వాల్నంటే నువ్వు పని ఆపి మెడ తిప్పాలె.

నా పక్క మునుం మా యారాలు పోశవ్వది. మీ పెద్దతాత పెండ్లాం. బక్కగ ఉంటుండె, చెయ్యి మాత్రం కదిలేది గూడ కనవడకపోతుండె. మా అత్త గొడుగేసుకోని ఒడ్డు మీద నిలవడేది. ఒకటే పాట. "పోశవ్వను జూడు! పెద్దకోడలు అవతలి ఒడ్డుకు పోయి సద్ది విప్పుతంది, చిన్నకోడలు ఇంక నడిమిట్ల ముగ్గులేస్తంది!" అయ్యో, ఏం నోరు ఆమెది! నాకు ఈ నోరు ఏడికెల్లి వచ్చిందనుకున్నవ్? అత్తగారి ఆస్తి.

ఆ మాట వినంగ వినంగ బొక్కలల్లకు దిగింది. పొలం కాన్నే గాదు, ఇంట్ల రొట్టె చేసినా ఆమె రొట్టె గుండ్రంగ వచ్చిందా, నాది వచ్చిందా అని జూసుడే. ఆమె కొడుకును ఎత్తుకుంటే నా ఒడి ఖాళీ ఉన్నదని యాదికొచ్చుడే. పాపం, ఆమె పంటినొప్పికి మూతి వంకర పెట్టినా నన్నే ఎక్కిరిస్తందనుకున్న. గంత అద్వాన్నం.

ఒకనాడు పట్టుబట్టిన. ఇయ్యాల పోశవ్వతోని బరాబర్ ఒడ్డెక్కాలె అని. ఎక్కిన గూడ! ఎట్లెక్కిన? నారు నాటుడు గాదది, బురద మీద ఆనిచ్చుకుంట పోవుడు. నా కండ్లు నా చేతి మీద ఉంటే గదా, ఆమె మీదున్నయ్. మా అత్త గొడుగు కింద నోరు తెర్సుకోని నిలవడ్డది. ఆనాడు తిన్న సద్ది లెక్క నేను ఇంకెన్నడు తినలే బిడ్డా.

తెల్లారి మడిలకు నీళ్లు పెట్టిండ్రు. మీ తాత పొలం కాడికెల్లి వచ్చి, "పోయి నీ మునుం జూసుకో" అని మంచం మీద కూసున్నడు. నేను ఉర్కిన. పోయి జూస్తె, అటు పోశవ్వ మునుం పచ్చగ, ఇటు ఇంకొకామె మునుం పచ్చగ, నడుమ ఉట్టి నీళ్లు. ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డు దాక, తలకాయల పాపిట తీసినట్టు. నా నారంత తేలి మూలకు కొట్టుకపోయింది. అది ఎవరి మునుమని ఊర్లె ఎవ్వరూ అడిగే పనే లేదు. తొవ్వ మీద పోయేటోళ్లు నిలవడి మరీ జూస్తున్నరు.

ఇంటికొచ్చి మూట గట్టుకున్న. అవ్వగారింటికి పోత, మల్ల రాను, నేను ఈ ఇంటికి అక్కరకు రాను అని. అత్త తిట్టిందని గాదు. ఆమె తిట్లకు నేను ఎన్నడు ఏడ్వలే, తిరిగి జవాబిచ్చిన. ఆనాడు మాత్రం నన్ను నేనే తిట్టుకున్న. దానికి జవాబు ఎవ్వలకియ్యాలె?

గప్పుడొచ్చింది పోశవ్వ. ఓదార్చెటందుకు గాదు, ఆముదం గిన్నె పట్టుకోని. "ఏందే, మూట తర్వాత గట్టుకుందువు గని నడుం చూపెట్టు. కొత్తల అందరికి పట్టుకుంటది, రుద్దుత" అన్నది.

"నడుం ఏం నొస్తలేదక్కా. మెడ నొస్తంది" అన్న.

ఆమె చెయ్యి గిన్నెలనే ఆగింది. "మెడనా? నాటేస్తే మెడ ఎందుకు నొస్తదే?" ఇగ నవ్వింది జూడు, గోడకు ఒరిగి నవ్వింది! "పొద్దంత వంగి నేను నాటేసిన, నా నడుం వోయింది. పొద్దంత నువ్వు నన్ను జూసినవ్, నీ మెడ వోయింది. నేనేమన్న దొంగనా, నాకు కాపలా కాసినవ్?"

నాకు కోపం రావాలె గదా. నవ్వొచ్చింది. ముక్కు కారుతనే ఉన్నది, నవ్వుతున్న.

మరునాడు తీస్కపోయి, ఆ ఖాళీ మునుం మల్ల నాతోనే నాటిపిచ్చింది. ముందుగాల తను దిగి, "నన్ను జూడాల్నంటే ఇప్పుడు జూడు" అని ఒక్క కుచ్చు నాటి చూపెట్టింది. బొటనవేలు ఎంత లోపలికి దించాలె, దించినంక బురద ఎట్ల అదమాలె. చూపెట్టి, పోయి ఒడ్డు మీద కూసున్నది. అన్ని దినాలు ఆమె ఏడిదాక పోయిందో జూసిన గని, ఆమె చెయ్యి ఏం చేస్తందో నేను ఒక్కనాడు జూడలే బిడ్డా. ఒక్కనాడు గూడ!

"మరి ఆ తర్వాత ఆమె కంటె ముందు ఒడ్డెక్కినవా అవ్వా?"

లేదు. అబద్ధమెందుకు? ఏనాడు ఎక్కలే. అత్త పాట గూడ ఆగలే, సచ్చేదాక పాడింది. గని నేను నాటింది మల్ల తేలలే.

ఇంకోటి జరిగింది విను. బడి మొకం జూడనిదాన్ని గదా, కిరాణం పొట్లాల కాగితాలు సాపు జేసుకుంట, ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కుంట సొంతంగ చదువు నేర్సుకున్న. తర్వాత ఎల్లారెడ్డి లైబ్రరీకెల్లి పుస్తకాలు తెచ్చుకున్న. చదివిన కథలన్ని నాటేసుకుంట చెప్తుంటి. రాజు మెడ మీదికి కత్తి వచ్చిన కాడ ఆపి, మెల్లగ నారు అందుకుంటుంటి. "ఏమైందే సాయవ్వా? సచ్చిండా, బతికిండా?" అని నాటేసేటోళ్లంత ఒకటే ఒర్లుడు. పోశవ్వ ఏం చేస్తుండెనో ఎరుకేనా? కథ వినెటందుకు చెయ్యి నెమ్మది చేసుకోని నా పక్కపొంటనే నడుస్తుండె! పెద్దకోడలికి ఏం రోగమొచ్చిందని మా అత్త ఒడ్డు మీద మొత్తుకునేది. ఇప్పుడామె లేదు గని, ఉంటే నీ మెడ జూసి మల్ల గట్లనే నవ్వుతుండె.

ఇగ నీ ముచ్చటకొస్త. నిన్నటి సంది జూస్తున్న. దుకాణం తాళంచెవి సంచిల ఏసుకోని వచ్చినవ్, షట్టర్ ఖాళీ చేస్తనంటవ్. ఎందుకు? ఎదురుంగ దివ్య అనే పిల్ల దుకాణం పెట్టిందట. అద్దాలట, రంగు లైట్లట, కుట్టిన జాకిట్లన్ని వీడియోలు తీసి పెడ్తదట, దునియా అంత మెచ్చుకుంటదట. మెచ్చుకోనీ! నువ్వు పొద్దంత అవి జూసుకుంట కూసున్నవ్. సదాశివనగర్ పెండ్లిపిల్ల జాకిట్లు నీకు నమ్మి ఇచ్చింది గదా. ఆదివారం పెండ్లి. కోసినవ్, కుట్టినవ్, చేతులు అతికినవ్. హుక్కులు కుడితే అయిపోతది. అవి కుట్టకుంట, "నాతోని కాదు, దివ్య కాడికి పో" అని ఆ పిల్లకు చెప్తవా? పెండ్లి ముంగట?

పొద్దుగాల నువ్వు తానానికి పోయినప్పుడు ఆ జాకిట్లు తీసి జూసిన. తిట్టకు. నాకు ఫ్యాషన్లు తెల్వయ్, అది దివ్య కుట్టినట్టున్నదా లేదా నాకెరుక లేదు. చంక కాడ పట్టి గట్టిగ గుంజిన. దారం కదలలే. ఇంకోటి గుంజిన. కదలలే. తేలేటట్టు లేదు బిడ్డా నీ నాటు.

గట్లని దివ్యను ఏమనకు. ఆ పిల్ల కష్టం ఆ పిల్లది. ఒకనాడు పోయి మంచిగ అడుగు, వీపు కాడ ఆ డిజైన్ ఎట్ల తిప్పినవే అని. చూపెడ్తే చెయ్యి జూసి నేర్సుకో. చూపెట్టకపోతే నీకొచ్చినట్టు తిప్పు. గని ఆమె దుకాణంల ఎంతమంది నిలవడ్డరో లెక్కవెట్టుకుంట కిటికీల కూసుంటే మాత్రం, నేనే బస్సెక్కి వస్త, చీపురుకట్ట పట్టుకోని.

అరె, కదలకంటే మల్ల సంచి ఎందుకు గుంజుతున్నవ్? జాకిట్టా? తియ్యి, తియ్యి. నా దిక్కు తేకు, నా చేతులకు బామ్ ఉన్నది, పెండ్లిబట్ట వాసనొస్తది. సూదిల దారం నువ్వే ఎక్కించుకో, నా కండ్లు ఆనయ్. ఆ... ఎక్కిందా? మంచిది. తాళంచెవి కోసం సంచంత దేవులాడకు, అది పొద్దుగాలనే నా బొడ్డుసంచిలకు వచ్చింది. హుక్కులన్ని అయినంక ఇస్త, రేపు కామారెడ్డి బస్సెక్కుదువు.

మెడ జర సల్లవడ్డదా? సల్లవడ్తది. ఇట్లనే వంగి కుట్టు, పొద్దుమూకెటాల్లకు నడుం పట్టుకుంటది. అప్పుడు పిలువు, ఆముదంతోని రుద్దుత. నీ నడుం మంచిగ నొయ్యాలె బిడ్డా, నా దీవెన గదే. నవ్వుతవేందే, నిజంగనే అంటున్న...

ఇగో, మల్ల ఇటు తిరిగి నా మొకం ఎందుకు జూస్తున్నవ్? సూది జూడు, సూది...