పక్కలోయలో విరిగిన పన్ను

ఇంకా తెరువు. ఇంకొంచెం. అంతేనా? లోయలో "దారి ఇదే, నా వెనకాల వచ్చేయండి" అని కేకేసినప్పుడు ఇంతకు రెట్టింపు తెరిచావుగా నోరు! ఆ, అలా. అలాగే ఉంచు.

మాట్లాడకు. అద్దం గుచ్చుకుంటుంది. ఇదిగో, ఈ గొట్టం నువ్వే పట్టుకో, నోట్లో నీళ్ళు లాగేస్తుంది. ఇవాళ క్లినిక్కుకి సెలవు, అసిస్టెంటు రాదు. నీ ఒక్కడి కోసం వచ్చి తాళం తీశాను. అది కూడా కాస్త గుర్తుపెట్టుకో.

అబ్బబ్బ, ఏం విరగ్గొట్టుకున్నావయ్యా! దవడపన్ను సగం ఎగిరిపోయింది. నరం దాకా పోయిందిది. ఊళ్ళో పొలాలన్నీ కొలిచే సర్వేయరువి, ఒక్క రస్కు ఎంత గట్టిదో కొలుచుకోలేకపోయావా?

నీ కళ్ళెందుకలా నా వెంటే తిరుగుతున్నాయో నాకు తెలుసులే. పన్ను గురించి కాదు. లోయలో ఆరోజు పొద్దున్న నన్నో మాట అడిగావు. మనిద్దరం పెళ్ళి చేసుకుందామా అని. అడిగినవాడివి ఊరుకోవచ్చుగా? నేనేమంటానో అన్న భయంతో చేతిలో ఉన్న రస్కు నోట్లో పెట్టుకుని కొరికావు. టక్‌మంది. ఇంకేముంది, పెళ్ళీ లేదు పెటాకులూ లేవు, నీ నోట్లోకి టార్చి వేసి చూడటంతోనే సరిపోయింది నాకు!

జవాబు ఇవాళ చెప్తాను. కచ్చితంగా చెప్తాను. కానీ నా పద్ధతిలో చెప్తాను, నువ్వు మధ్యలో అడ్డురాకుండా. నోట్లో ఇంత దూది పెట్టుకుని కుదురుగా పడుకున్న మగాడు నాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడు చెప్పు?

ఇప్పుడు చిన్న సూది. చీమ కుట్టినట్టుంటుంది. సరే, పెద్ద చీమే. అయిపోయింది, అయిపోయింది. అంత పెద్ద కొండలెక్కినవాడివి, దీనికి కుర్చీ అలా పట్టుకుంటావేం?

పెదవి తిమ్మిరెక్కేదాకా మాట్లాడుకుందాం. అంటే నేను మాట్లాడతాను.

అసలీ గొడవంతా మన కట్టుబాటు వల్లే వచ్చింది. కాదంటావా? పొద్దున్నే గ్రౌండులో చుట్లు కొట్టే నలుగురం. నువ్వు, నేను, బేకరీ అక్క, డ్రిల్లు మాస్టారు. కొండలకనీ అడవులకనీ కలిసి వెళ్ళడం అలవాటు చేసుకున్నాం. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రతి మలుపు దగ్గరా నలుగురం నాలుగు దారులన్నాం. డ్రిల్లు మాస్టారు ఈల ఊదడం, బేకరీ అక్క బండ మీద కూలబడి నేను రానంటే రాననడం, నువ్వు పటం పరిచి ఉపన్యాసం. కొండ ఎక్కకుండానే దిగొచ్చాం.

దాంతో కట్టుబాటు పెట్టుకున్నాం. వెళ్ళేముందు చీటీలు వేస్తాం. ఎవరి పేరొస్తే వాళ్ళే పెద్ద. తిరిగి బస్సెక్కేదాకా పెద్ద మాటకి ఎదురు చెప్పకూడదు. గొణక్కూడదు. మొహం కూడా అదోలా పెట్టకూడదని బేకరీ అక్క విడిగా చేర్చింది, నా మొహం చూసే చేర్చిందది.

ఈసారి చీటీ నీకొచ్చింది. ఇక చూడాలి నీ వైభోగం! ఎడారి మధ్య ఎర్రరాతి లోయ, నాలుగు రోజుల నడక. ఎన్ని పటాలు తెచ్చావయ్యా బాబూ! గ్రౌండులో నడుస్తూ కూడా స్కేలు పెట్టి కొలుస్తూనే ఉన్నావు. బేకరీ అక్క పాపం, నాలుగు రోజులైనా బూజు పట్టకూడదని రస్కుల్ని మూడుసార్లు కాల్చింది. టీలో ముంచుకు తింటాంగా, ఏం కాదంది. టీకి నీళ్ళుండాలన్న సంగతి అప్పుడెవరు ఆలోచించారు?

పెదవి మొద్దుబారిందా? గిల్లనా? గిల్లాను కూడా, నీకు తెలీలేదు. భేష్. మొదలుపెడదాం.

ఈ చప్పుడుకి భయపడకు, చప్పుడే తప్ప నొప్పుండదు.

మొదటిరోజు ఎంత బాగుందో! కిందికి దిగుతున్నకొద్దీ గోడలు పైకి లేస్తూ పోయాయి. ఆకాశం సన్నని పట్టీ అయిపోయింది. డ్రిల్లు మాస్టారు ఓసారి ఈల ఊదితే ఆ గోడ ఈ గోడకి, ఈ గోడ ఆ గోడకి చెప్పుకుని, ఆ ఈల ఎంతసేపటికోగానీ పోలేదు. నా మడమ బొబ్బెక్కింది. నేనెవరికీ చెప్పలేదు. ఊట దగ్గర నీళ్ళు పట్టుకుని లేచి చూస్తే నా సంచి సగం ఖాళీగా ఉంది. గుడారం నీ సంచిలోకి ఎప్పుడు వెళ్ళిందో, ఎలా వెళ్ళిందో. అడిగితే, "నేను పెద్దని, ఎదురు చెప్పకూడదు" అన్నావు.

అప్పుడే నాకు కాస్త అనుమానం వచ్చిందిలే.

తల కదపకు! నవ్వితే మిషను నాలుకకి తగులుతుంది.

ఇక రెండోరోజు. లోయ రెండుగా చీలిన చోటు. ఎడమపక్కన రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ముందు నడిచినవాళ్ళు వెనకొచ్చేవాళ్ళకి పెట్టే గుర్తది, చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నువ్వు చూశావు కూడా. చూసి ఏమన్నావు? "పాతిన రాయైతే నమ్ముతాను. పేర్చిన రాయిని ఎవడైనా జరుపుతాడు" అన్నావు.

ఎంత సర్వేయరువయ్యా! నీ ఉద్యోగమంతా హద్దురాళ్ళు జరిపేవాళ్ళతో తగువులే కదా. రాత్రికి రాత్రి గట్టు జరిపి పొద్దున్నే ఏమీ ఎరగనట్టు నిలబడే మనుషుల్ని చూసీ చూసీ, ఎడారిలో ఎవడో పుణ్యాత్ముడు దారి చెప్పిన రాళ్ళని కూడా దొంగరాళ్ళే అనుకున్నావు. పటం చూసి కుడిపక్కకి తిప్పావు మమ్మల్ని.

మేం ముగ్గురం ఆ రాళ్ళు చూశాం. బేకరీ అక్క నా వైపు చూసింది. నేను డ్రిల్లు మాస్టారి వైపు చూశాను. ఆయన ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశాడు. కట్టుబాటు కట్టుబాటే మరి! నీ వెనకే నడిచాం.

ఆ పక్కలోయ ఇరుకవుతూ ఇరుకవుతూ పోయింది. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. ఊట వస్తుంది, వస్తుంది అంటూనే ఉన్నావు. ఊట లేదు, తడి కూడా లేదు. ఎండ వాలేసరికి ఎదురుగా ఇంతెత్తు గోడ. అంతే. దారి అక్కడితో సరి. సీసాల్లో గుక్కెడు గుక్కెడు నీళ్ళు మిగిలాయి. ఊట దగ్గరికి పోవాలంటే వచ్చిన దారంతా తిరిగి నడవాలి.

ఇప్పుడంటే నవ్వుతున్నాం గానీ, అప్పుడు నాకు నిజంగా చచ్చేంత భయమేసింది. బేకరీ అక్క ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కళ్ళనే తలుచుకోవడం మొదలుపెట్టింది.

నువ్వేం చేశావో నీకు గుర్తుండకపోవచ్చు. నాకుంది. ఆ గోడని చేత్తో తట్టి చూశావు. వెనక్కి తిరిగి మా ముగ్గురి మొహాల్లోకీ చూసి, "తప్పు నాదే" అన్నావు. పటం పాతదనలేదు. ఎండ తలకెక్కిందనలేదు. రెండే మాటలు. అని, నీ సీసాలో ఉన్నది మా ముగ్గురికీ మూతల్లో పోసి, ఖాళీ సీసా సంచిలో పెట్టుకున్నావు.

ఉండు. కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. ఈ మాస్కుతో ఇదే గోల.

ఆ. నోరు అలాగే ఉంచు, నరం శుభ్రం చేస్తున్నాను.

మర్నాడు పొద్దున్న తిరుగుప్రయాణం. టీ లేదు, కాలిన రస్కులే. వాళ్ళిద్దరూ గుడారం మడతపెడుతున్నారు. నువ్వు నా పక్కన రాతి మీద కూర్చుని అడిగావు. నాకు సంతోషమే వేసింది. అబద్ధం చెప్పను. కానీ ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఈ మనిషి ఇంకా పెద్దే. బస్సెక్కేదాకా పెద్దే. పెద్ద మాట కాదనకూడదు. ఇప్పుడు నేను సరే అంటే అది నా సరేనా, కట్టుబాటు సరేనా? కాదనే వీలు లేనిచోట అడిగితే అది అడగడమెలా అవుతుంది?

నీకది తట్టనే తట్టలేదు కదూ? తట్టదులే. అప్పటికి దవడ పట్టుకుని ఎగురుతున్నావు.

ఎలాగో ఊట దాకా నడిచి, నీళ్ళు తాగి బయటపడ్డాం. ఇక బస్సు దగ్గర చూడాలి. మెట్టు మీద కాలు పెట్టామో లేదో, ముగ్గురం ఒక్క గొంతుతో "ఆ రాళ్ళ గుర్తు మేం చూశాం!" అని అరిచాం. డ్రైవరు బెదిరిపోయి హారన్ కొట్టాడు. రెండు రోజులు కడుపులో దాచుకున్నాం మరి! డ్రిల్లు మాస్టారైతే ఈల కూడా ఊదాడు.

నువ్వు నవ్వలేదు. బుగ్గ వాచి సగం మాటలే వస్తున్నాయి. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగావు. ముగ్గుర్నీ అడిగావు గానీ, చూసింది నన్నే.

ఆ మాట నన్ను వదల్లేదయ్యా. ఇంటికొచ్చి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చున్నా అదే మాట. ఎందుకు చెప్పలేదు? కట్టుబాటనా? నీళ్ళు లేని చోటికి పోతున్నప్పుడు కట్టుబాటేమిటి, నా మొహం! అలవాటు. అంతే. నోరు కట్టేసుకుని ఎవరో ఒకరి వెనక నడవడం నాకు అలవాటు.

నా మొదటి కాపురం సంగతి నీకు పైపైనే తెలుసు. నన్నెవరూ అడగలేదు. మా నాన్న ఆఫీసు నుంచొచ్చి, చెప్పులు విప్పుతూ, "కుదిరింది" అన్నాడు. కుదిరిందన్నాక ఇంక అడిగేదేముంది? కట్టుకున్నాయన చెడ్డవాడేం కాదు. కొట్టలేదు, తిట్టలేదు. "తప్పు నాదే" అని మాత్రం తను ఒక్కసారి కూడా అనలేదు. ఉప్పెక్కువైతే నా తప్పు. సరే. రైలు తప్పితే నా తప్పు. బట్టలు ఆరేసినప్పుడు వానొస్తే కూడా నా తప్పే! ఇది నా దారి కాదని మొదటి మలుపులోనే తెలిసింది నాకు. గోడ వచ్చేదాకా నడిచాను. పదేళ్ళు పట్టింది గోడ రావడానికి, విడిపోవడానికి.

అందుకని భయం. నీ గురించి కాదు. నా గురించి. మళ్ళీ ఎవరి వెనకో నడుస్తూ, రాళ్ళ గుర్తులు చూస్తూ, నోరు మూసుకుంటానేమోనని.

ఇంకొక్క నిమిషం. ఇది తాత్కాలికంగా పెడుతున్నాను, పైన తొడుగు తర్వాత వేస్తాను. ఈ కాగితం కొరుకు. కసకసా నమలకు, కొరుకు. ఎత్తుగా తగులుతోందా? లేదా? మంచిది.

అయ్యో, నేను మాత్రం చేస్తున్నదేమిటి? నిన్ను వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో మిషను పెట్టి, నా సోదంతా వినిపిస్తున్నాను. నువ్వు కాదనగలవా, ఔననగలవా? ఇక్కడ పెద్దని నేనే అయి కూర్చున్నాను! ఇది కూడా అన్యాయమే. లే, లే. కుర్చీ పైకెత్తుతున్నాను. పుక్కిలించు. ఇటువైపు, గిన్నెలో. ఆ గొట్టం ఇంకా పట్టుకునే ఉన్నావేం, ఇటివ్వు.

మాస్కు తీసేస్తున్నాను. నీ ఎదురుగా స్టూలు మీద కూర్చుంటున్నాను. ఇప్పుడిద్దరం ఒకే ఎత్తు. తలుపు తీసే ఉంది.

నువ్వంటే నాకిష్టం. ఇవాళ కొత్తగా వచ్చింది కాదు, ఆ గోడ ముందు వచ్చిందీ కాదు. గ్రౌండులో నా నడకకి తగ్గట్టు నువ్వు నీ నడక తగ్గించుకున్నప్పటి నుంచీ ఉంది. గోడ ముందు మాత్రం గట్టిగా తెలిసింది. ఆ రెండు మాటలు అనగలిగిన మనిషితో తప్పుదారిలో కూడా నడవొచ్చు అనిపించింది. కానీ ఒకటి. ఇకమీద రాళ్ళ గుర్తు కనిపిస్తే అక్కడికక్కడే అరుస్తాను. నువ్వు మూతి ముడుచుకున్నా అరుస్తాను. ఇంటికి పెద్ద ఎవరని చీటీలు వేస్తే ఆ చీటీలు చించి పారేస్తాను. నీకిది కష్టమనిపిస్తే ఇప్పుడే చెప్పెయ్.

ఆగాగు. ఇప్పుడేం చెప్పకు. నోరంతా వంకర తిరిగి ఉంది, ఏమన్నా అర్థం కాదు. నవ్వకయ్యా, సగం మొహమే నవ్వుతోంది, చూడలేకపోతున్నాను.

వెళ్ళి అలా తిరిగిరా. వేడివేమీ తాగకు. తిమ్మిరి వదిలాక, మాట సరిగ్గా పలికాక, మళ్ళీ రా. వచ్చి ఆరోజు అడిగిన మాటే మళ్ళీ అడుగు.

జవాబు తెలిసిపోయిందిగా అంటావేమో. తెలిసినా అడుగు. నా బతుకులో నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. నువ్వొక్కడివే అడిగావు, అదీ రస్కు చప్పుడులో కలిసిపోయింది. ఈసారి పూర్తిగా వినాలనుంది నాకు.