ఆరు కాళ్ల కనెక్టరు

ఛార్జరు పిన్నంట! నా చేతిలో ఉండేదాన్ని రోంత తిప్పి కూడా చూళ్లేదయ్యా ఆ మహానుభావుడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో అంత అద్దాల అంగడి పెట్టుకొని కూర్చున్నాడు, ఆరు కాళ్ల కనెక్టరుకీ సెల్‌ఫోను ఛార్జరుకీ తేడా తెలీదు. "బొమ్మరైలుకా అవ్వా? మనవడికి కొత్తది కొనిచ్చేయరాదా" అని పళ్లికిలించినాడు. అవ్వంట నన్ను!

"మనవడికి కాదు నాయనా, మా ఆయనకి. అరవై ఎనిమిదేళ్లు" అన్నాను. అంగట్లో నలుగురూ నా మొహం చూసినారు. చూడనీ.

తల తిప్పుకోబాకయ్యా. ఉండు, దిండు సరిచేస్తాను.

అసలు నిన్ను అనాల. ముప్పై ఏళ్లు రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి ఏం చేస్తాడు? నాలుగు కొబ్బరిచెట్లు పెట్టుకుంటాడు, చర్చి కమిటీలో తగాదాలు పడతాడు. నువ్వేం చేసినావు? నడవలో ప్లైవుడ్డు బల్లేసి బిట్రగుంట యార్డునంతా దానిమీద కట్టినావు. జానెడు ఇంజన్లు, అగ్గిపుల్లంత సిగ్నళ్లు. ఏ బండి ఏ పట్టామీదికి పోవాల్నో చెప్పేదానికి పచ్చ బోర్డొకటి.

"ఈ పిచ్చి రైలు" అని నేను తిట్టని రోజుందా? అప్పట్లో నువ్వు తిరిగి తిట్టేవాడివి. బాగుండేది.

రెండేళ్ల నాడు పక్షవాతమొచ్చి కుడిపక్కా, మాటా రెండూ పోయినాక, ఆ పిచ్చి రైలే గదా నిన్ను నిలబెట్టింది! నీ మంచం తెచ్చి బల్ల పక్కనే వేసినాను. పొద్దున్నే నేను స్విచ్చేస్తే నీ కళ్లు బండి వెంబడే పోతా ఉండేవి. అది రెండు చుట్లు తిరిగేలోపల ఒక గరిటె జావ మింగేవాడివి. కాదా? అవునంటే ఒకసారి రెప్పెయ్యి. ఆ, అదీ.

ఈ ఉప్పుగాలికి మనుషులే తుప్పు పడతారు, అదెంత? బోర్డులోకి దూర్చే ఆ ఆరు కాళ్ల తెల్ల ప్లగ్గుకి చిలుము పట్టి, ముట్టుకుంటే రెండు కాళ్లు పొడుమై రాలినాయి. బండి ఆగింది. నువ్వు మొహం గోడపక్కకి తిప్పుకున్నావు.

మీ చెల్లెలు ఫ్లోరా ఏమనింది? "పాతసామాన్లోడికి వేసెయ్ ఎలిశబెతు వదినా, నడవ ఖాళీ అవుద్ది" అనింది. అన్న ఏమైపోయినా సరే, ఆమెకి నడవ కావాల! అయినా మంగళవారం మంగళవారం వచ్చి నీకాడ కూర్చునేది ఆమే గదా అని నోరు మూసుకున్నాను.

కావలిలో టీవీలు బాగుచేసే గంగాధరం ఉండాడే, ఆయన కళ్లద్దాలు నుదుటిమీదికెత్తి, పెద్ద డాక్టరు మాదిరి చూసి, "ఇదేనమ్మా" అని ఒకటిచ్చినాడు. ఇంటికొచ్చి పెడితే దూరదు. దాని కాళ్ల మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు, మనది రెండు. ఐదో తరగతి చదివినదాన్ని, నీ స్కేలు పెట్టి కొలిస్తే నాకు తెలిసింది, ఆ మేధావికి తెలీలా! తిరిగి పోయి అడిగితే "రోంత అరగదీసుకోమ్మా" అన్నాడు. అరగదీసేదానికి అదేమన్నా గంధపుచెక్కా?

ఆఖరికి బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లుల బోర్డులు బాగుచేసే హజరత్తయ్య గారని ఒక పెద్దాయన. ఆయనొక్కడే నవ్వలేదు. గింజల రంగు చూసి ఏరే మిషన్లలో ఇట్టాంటివి ఉంటాయంట. నేను తీసుకుపోయిన వైర్లకి కొత్త ప్లగ్గు బిగించి, ఒక్కో తీగా లాగి చూసి మరీ ఇచ్చినాడు. "మీ ఆయన చేతిపని బాగుందమ్మా" అన్నాడు.

ఇదిగో. ఎర్ర తీగ ఎడమపక్కకి. టక్కుమనింది, విన్నావా?

ఏంది ఆ చూపు? పొద్దున నెల్లూరు పోతున్నానని చెప్పి, బుచ్చి నుంచి ఎట్టా తెచ్చినానంటావా? మంచంలో పడినా నీకు ఒక్క ముక్కా తప్పదు.

సరే, వినయ్యా. ఇది ఈ పొద్దు దొరకలా. మూడు వారాలైంది. నా సంచిలోనే ఉండాది. ట్రంకు రోడ్డువాడు నవ్వింది నిజమే, కాని అది అంతకు ముందెప్పుడో.

ఆ రోజు బుచ్చి నుంచి నేరుగా ఇంటికే రావాల. నెల్లూరులో బస్సు మారబోతా ఉంటే పక్కనే మైపాడు బస్సు. ఎక్కేసినాను. ఎందుకని అడగబాక. ఆడ సముద్రమొడ్డున ఇసకలో కూర్చున్నాను. రెండేళ్లలో మొదటిసారి, ఎవురి మూతీ తుడవకుండా, ఎవురినీ పక్కకి పొర్లించకుండా కూర్చున్నాను. వేయించిన చేప వేడివేడిగా తిన్నాను. కొంగు మొహానేసుకొని నిద్ర కూడా పోయినాను, ఆ ఎండలో, అంతమంది జనంలో.

ఇంటికొచ్చి "దొరకలేదు" అన్నాను. దొరికిందంటే మళ్లీ గడప దాటేదానికి నాకేం సాకుంది? మళ్లీ మంగళవారం, మళ్లీ మైపాడు. నువ్వు ఈడ జావ ఉమ్మేస్తా ఉంటే, ప్లగ్గు సంచిలో పెట్టుకొని నేను ఆడ అలలు చూసినాను.

నిన్న నీకు ఒళ్లు తుడుస్తా ఉంటే పక్కటెముకలు చేతికి తగిలినాయి. అందుకే సంచిలోంచి ప్లగ్గు తీసినాను. ప్రేమనుకోబాక. భయం.

స్విచ్చేస్తున్నా. అదిగో, కదిలింది! చూడు, పట్టా మారింది, నీ గూడ్సుబండి యార్డులోకి పోతా ఉంది.

బండి అట్టా పోతా ఉంటే దాన్ని చూడకుండా నన్ను చూస్తావేందయ్యా? కోపమా? రెండుసార్లు రెప్పేసినావు. కాదంటావు. ఏమో, కంట్లో నలకే పడిందో ఏందో.

ఏమన్నా అనుకో. వచ్చే మంగళవారం కూడా ఫ్లోరాని రమ్మన్నాను. మైపాడుకే పోతాను, చెప్పే పోతాను. నోరు తెరువు, జావ చల్లారిపోతా ఉంది.