ఒక్కపొద్దు నాటి మాత్ర

తిరుమణిలో సోలార్ ప్లేట్లు కడిగే పనికి బయలుదేరుతున్న అతని ముందు భార్య వేడి రాగిముద్ద పెట్టింది.

"శనివారం నాకు ఒక్కపొద్దని తెలీదా మే?"

"తెలుసు మామా. తినే పో. ఆ మాత్ర ఒట్టి కడుపున నిలబడదు."

"ఏ మాత్ర?"

"నీ బ్యాగులో దాచిపెట్టుకుండేది."

అతను బ్యాగు దగ్గరికి లాక్కున్నాడు. "అది గ్యాసు మాత్ర."

"కాదు, హెచ్‌ఐవీకి ఇచ్చే కొత్త మాత్ర. బువ్వ తిని మింగితే ఉబ్బి, పొద్దంతా కడుపులోనే ఉండి, మందు కొంచెం కొంచెంగా వదుల్తాదంట. లేకుంటే బిరీన జారిపోతాదంట."

"నీకెవురు చెప్పినారు?"

ఎప్పుడూ అతను తిన్నాకే తినే ఆమె, ఇంకో ముద్ద తన కంచంలో వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"నాకూ అదే మాత్ర ఇచ్చిన నర్సమ్మ."