మైకన్న సినిమాల్లో ఏది గొప్ప

ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం. దాని మీద దిండుకు చేరగిలబడినవాడు సినిమా కటౌట్లకు రంగులేసే పెయింటరు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాడు ఆయన భార్య తమ్ముడు, బస్సు కండక్టరు.

“...పదకొండుసార్లు చూశాను బావా. ‘జేబులో తుఫాను’ను మించింది మైకన్న చెయ్యలేదు, చెయ్యలేడు.”

“అదీ ఓ సినిమానా? హాయిగా పాటలు పాడుకునే మైకన్నని తెచ్చి హీరోని చేసి, ఫైటింగులు చేయించారు. గుద్దుకో రాగం తీశాడు.”

“వంద రోజులు ఆడింది!”

“ఆడదూ మరి? బయట ఎండ మండిపోతోంది, హాల్లో ఏసీ. జనం నిద్రపోవడానికి వెళ్లారు.”

“నేను నిద్రపోలేదు.”

“నీకు బస్సులో నిలబడి నిద్రపోవడం అలవాటేగా. కళ్లు తెరుచుకునే పడుకుని ఉంటావ్.”

“సరే, నీ గొప్ప సినిమా ఏంటో మళ్లీ చెప్పు, నవ్వుకుంటాను.”

“‘రెండో చరణం’. ఎప్పటికైనా అదే. అంత పాటగాడు మూగవాడి వేషం వేశాడు. ఒక్క పాట లేదు, ఒక్క మాట లేదు. దమ్ముండాలిరా!”

“అందుకే నాలుగో రోజు ఎత్తేశారు. పాడేవాణ్ని పిలిచి నోరు మూయిస్తే ఎవడు చూస్తాడు? వంటవాణ్ని పిలిచి బట్టలుతకమన్నట్టు!”

“నీకు కళేం తెలుసు, టికెట్లు చింపడం తప్ప?”

“నీ కళ నాకు తెలీదా? ఆ సినిమాకి నువ్వేసిన కటౌట్ చూసి మైకన్న వాళ్లమ్మే ‘ఎవరు నాయనా ఈయన’ అని అడిగిందట.”

“ముక్కు కాస్త పెద్దదైంది. దానికి ముప్పై ఏళ్లు సాధిస్తావా?”

“కాస్తా? ఆ ముక్కు నీడలో మేం స్కూటర్లు పెట్టుకున్నాం బావా!”

“ఏమండీ, మెల్లిగా. పక్క మంచం ఆయన ఇప్పుడే కన్ను మూశారు... అంటే, పడుకున్నారు.”

“చంపేశావు కదమ్మా సిస్టర్! సరే, నువ్వు చెప్పు. మైకన్న సినిమాల్లో ఏది గొప్ప?”

“ఆయన యాక్టింగ్ కూడా చేశారా? పాటలు పాడేవారనుకున్నాను.”

“విన్నావా బావా?”

“విన్నాను. నువ్వెళ్లమ్మా, నీ సూది కంటే నీ మాట గట్టిగా గుచ్చుకుంది... ఒరేయ్, ఇందాక డాక్టరు నిన్నొక్కణ్నే ఎందుకు పిలిచాడు?”

“సంతకాలకి.”

“ముప్పావు గంటా?”

“పెన్ను రాయలేదు.”

“ముప్పావు గంటా?”

“రీఫిల్ అయిపోయింది బావా, తెప్పించాల్సొచ్చింది. అది సరేగానీ... ఆ స్టేషన్ సీనేదో ఉందన్నావుగా ‘రెండో చరణం’లో. చెప్పు.”

“నీకెందుకు? ‘చెయ్యి పట్టేసి ఆగిపోయింది’ అని వెక్కిరించావుగా మొన్న.”

“ఇప్పుడు వెక్కిరించను. మొత్తం చెప్పు.”

“ఏముంది... కూతురు రైలెక్కేసింది. ప్లాట్‌ఫాం మీద ఇతనొక్కడే. బండి కదిలింది. పిల్ల కిటికీలోంచి తెగ చెయ్యూపుతోంది. ఇతనూ చెయ్యెత్తాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. చెయ్యూపితే పిల్ల నిజంగానే వెళ్లిపోతున్నట్టు కదా! అలాగే, సగంలో పట్టుకుని నిలబడ్డాడు. బండి పోయింది. చెయ్యి అక్కడే ఉంది... ఏంట్రా, వెక్కిరించవేం?”

“బావుంది.”

“ఏంటీ?”

“బావుందన్నాను. నువ్వన్నదే నిజం బావా. మైకన్న సినిమాల్లో అదే గొప్పది. ‘జేబులో తుఫాను’ దాని కాలిగోటికి సరిపోదు.”

“మళ్లీ అను.”

“అదే గొప్పది. ఒప్పుకుంటున్నాను. ఎంతమంది ముందు చెప్పమన్నా చెప్తాను.”

“ఏదీ, నా వైపు చూసి చెప్పు.”

“గెలిచావు కదా, అలా చూస్తావేంటి? నవ్వు బావా.”

“మీ అక్క కాళ్లావేళ్లా పడ్డా ఒప్పుకోలేదు నువ్వు. నీ పెళ్లిరోజున కూడా పోట్లాడావు... ఎన్నాళ్లన్నాడ్రా డాక్టరు?”