మొదటి దారం

కళింగపట్నం ఒడ్డు. 1968, మాఘమాసం, పొద్దుటి పూట. ముసలి నూకయ్య, అతని కోడలు లక్ష్మణమ్మ, ఆమె కొడుకు సింహాద్రి. వాడికి ఎనిమిదేళ్లు.

"ముట్టుకోనని సెప్పినాను గదా. రెండేళ్లయినాది. మళ్లీ గాలం దారం ముట్టుకోనని గంగమ్మ కాడ ఒట్టెట్టుకున్నాను. ఎల్లు, ఇంటికెల్లు."

"ఎల్తాను మావా. నీ మొగం సూడ్డానికి రానేదు. రెండేళ్లై నీ గుమ్మం తొక్కనేదు. ఇయ్యాల కూడా తొక్కనేదు, ఒడ్డుకొచ్చినాను. ఒడ్డు నీదేటి?"

"నాది కాదు. ఏటి గావాల?"

"ఈడికి గాలం ఎయ్యడం నేర్పు."

"ఏటీ?"

"సెవుడొచ్చినాదేటి? నీ మనవడికి గాలం ఎయ్యడం నేర్పమంటన్నాను."

"నీ మొగుణ్ణి సంపినోణ్ణని పదిమందిలో నా మొగాన ఇసక కొట్టినావు. ఇప్పుడు ఆ సంపినోడి కాడికే గుంటణ్ణి తెచ్చినావా?"

"కొట్టినాను. మళ్లీ కొడతాను. ముందు నేర్పు."

"ఎందుకొచ్చిన గొడవ. ఇంటికాడ ఉంచుకో."

"గుంజకి కట్టేసినాను. తాడు కొరికీసినాడు."

"నీ పోలికే."

"నా పోలికైతే నీళ్లంటే భయం ఉండును. నిన్న పొద్దుగూకినేల, ఏరొచ్చి సముద్దరంలో కలిసే కాడ, ఒక్కడూ నిలబడ్డాడు. నడుం దాకా నీళ్లు. పక్కింటి జగ్గమ్మ సేపలు ఎత్తుకుందామని అటెల్లింది గాబట్టి సరిపోనాది. ఎవుణ్ణి అడుక్కున్నాడో ఏటో, దారం ముక్కొకటి. ఒరే, సెయ్యి సూపించు తాతకి."

"నానేటీ సెయ్యనేదు."

"సూపించరా!"

"ఇలగియ్యి... మణికట్టు కోసుకుపోనాది గదరా. ఇలగ సుట్టుకోమని ఎవులు నేర్పినారు?"

"అయ్య."

"ఇన్నావా మావా? ఆళ్లయ్య. ఆళ్లయ్యకి ఎవులు నేర్పినారు?"

"గుంటడి ముందు ఇయ్యన్నీ ఎందుకే?"

"ఆడి ముందే సెప్పు. ఆ రోజు పెద్దలందరి ముందూ సెప్పినావు గదా, ఇయ్యాల నోరు పెగల్దేటి? ఎవులు నేర్పినారు నా మొగుడికి?"

"నానే."

"దారం సేతికి సుట్టుకోమని. ఆ సుట్టే ఆణ్ణి నీళ్లలోకి లాక్కెల్లినాది."

"నానే అంటన్నాను గదా. ఇంకెన్నిసార్లు సెప్పించుకుంటావు?"

"నువ్వు బతికున్నన్నాళ్లూ."

"అలాగైతే నా కాడికి ఎందుకొచ్చినావు? ఊళ్లో మగోళ్లు నేరేటి?"

"అడిగినాను. పక్క పాక లక్ష్ముణ్ణి అడిగినాను. మా అన్నని అడిగినాను. కాళ్లట్టుకోడం ఒక్కటే తక్కువ. ఎవుడూ ఈడి సేతికి దారం ఇవ్వడు. తండ్రిని సముద్దరం తీసుకున్న గుంటడికి, ఆ తండ్రిని కన్నోడే మొదటి దారం ఇవ్వాలంట. మరొకడు ఇస్తే గంగమ్మకి కోపమంట. ఈ ఊరికి ఆ కట్టు పెట్టినోడెవుడో గాని, ఆణ్ణి..."

"నీళ్ల కాడ తిట్టకు."

"తిట్టన్లే. నువ్వు నేర్పకపోతే ఈడంతట ఈడే ఎల్తాడు. సుట్టుకునే ఎల్తాడు. ఇంకో శవం కాడ ఏడవడానికి నాకు ఓపిక నేదు. అందుకొచ్చినాను. నీ మీద మనసు కరిగి కాదు."

"తెలుస్తన్నాది."

"తెలిస్తే నెగు. కూకున్నది సాలు."

"నా కాడ సామాను నేదు."

"ఎందుకుంటాదిలే. దినాలవ్వకముందే ఆడి పాకకి అగ్గెట్టినావు గదా. వల కాల్చినావు. గాలాలు కాల్చినావు. మొగుడి వస్తువు ఒక్కటంటే ఒక్కటి నాకు మిగల్చనేదు. కాలిస్తే పాపం కాలిపోతాదనుకున్నావేటి? ఇదిగో, లక్ష్ముడి కాడ తెచ్చినాను. కొంకి, సీసం, అన్నీ ఉన్నాయి."

"దారం ఏది? సూడనీ."

"నూలుదారం. పాతది. ఆడిప్పుడు నూలు వాడ్డంనేదంట, ఊరికే ఇచ్చినాడు. బాగోదేటి?"

"బాగుంది. ఇలగియ్యి. ఒరే సిమ్మాద్రీ, సొక్కా ఇప్పి రా. ఏడుస్తన్నావా?"

"నేదు. ఉప్పునీళ్లు పడ్డాయి."

"ఇంకా నీళ్లలో దిగనేదు, అప్పుడే ఉప్పునీళ్లెక్కడియ్యి? తుడుసుకో. సముద్దరం ఏపు సూడు. ఏటగుపడతన్నాది?"

"కెరటాలు."

"కెరటాలు గుడ్డోడికీ అగుపడతాయి. ఎక్కడ ఇరుగుతన్నాయి?"

"అక్కడ. అక్కడ. అక్కడా."

"ఇరగని సోటు?"

"నేదు."

"ఉన్నాది. కంగారుపడకుండా సూడు."

"అదిగో! నల్లగా!"

"అదీ. నల్లగా ఉన్నకాడ లోతు. సేప అక్కడే తిరుగుతాది. ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికెల్లేదీ అక్కడే. అందులో కాలెట్టకూడదు. పక్కన మెరక మీద నిలబడి, గాలం ఒక్కటే అందులోకి ఇసరాల. నిన్న నువ్వెక్కడ నిలబడ్డావు?"

"నల్లగా ఉన్నకాడే."

"ఓలమ్మా!"

"నువ్వు ఒల్లకోయే, అయిపోనదానికి అరుపులెందుకు. ఒరే, ఇక్కడ తవ్వు. పీత దొరుకుతాది. అదే ఎర."

"అమ్మో, కరిసినాది!"

"పీత కరవక ముద్దెట్టుకుంటాదేటి? ఎనకనుంచి పట్టుకో. కొంకి మొన అగుపడకుండా గుచ్చు. అలగ. ఇంకోమాట ఇను. మొదటి సేప ఇంటికి తీసుకెల్లకూడదు. గంగమ్మదది. మళ్లీ నీళ్లలో ఒగ్గేయాల."

"ఒగ్గేసేదానికి పట్టడం ఎందుకు తాతా?"

"మీ అయ్యా ఇదే అడిగినాడు."

"ఏటి సెప్పినావు?"

"నెత్తి మీద ఒకటిచ్చినాను. దిగు. నానెనకాలే ఉంటాను. మొదటి సేప పడేదాకా దారం ఇచ్చినోడు గుంటడి మొలతాడు అట్టుకోవాల."

"మొలతాడు నానట్టుకుంటాను."

"ఆడది అట్టుకోకూడదు."

"నువ్వట్టుకున్నోడు ఇంటికి రానేదు మావా. ఈడిది నానే అట్టుకుంటాను. గంగమ్మకి కోపమొస్తే నా కాడికి రమ్మను."

"ఊరోళ్లు సూస్తే?"

"సూడనీ. మొగుడు పోనాక ఊరోళ్లు నన్ను సూస్తానే ఉన్నారు."

"సరే, అట్టుకో. సీర ఎత్తి దోపుకో. కెరటం లాగితే ఇద్దరూ పోతారు. ఒరే, ఇసురు... అది ఇసరడమేటిరా, ఈగల్ని తోలుతన్నావా? లాగు. మళ్లీ. భుజం తిప్పు, నడుం తిప్పు."

"ఎల్లినాది!"

"ఎల్లినాది. ఇప్పుడు దారం సూపుడేలు మీద ఎయ్యి. ఊరికే ఎయ్యాల, బిగించకు. నాను సెప్పింది మళ్లీ నువ్వు సెప్పాల. సేతికి సుట్టుకోకూడదు."

"సేతికి సుట్టుకోకూడదు."

"ఏలికి సుట్టుకోకూడదు. నడుంకి కట్టుకోకూడదు."

"కూడదు. జారిపోతే?"

"జారిపోనీ."

"సేప పోతాది గదా."

"పోనీ."

"దారం కూడా పోతాది."

"పోనీరా. నీ బలం కంటే దాని బలం ఎక్కువనిపిస్తే సెయ్యి తెరిసీడమే. ఆలోసించకూడదు. సేప ఇంకోటుంటాది, దారం ఇంకోటుంటాది."

"ఈ ముక్క నీ కొడుక్కి ఒక్కసారి, ఒక్కసారి సెప్పుంటే?"

"వందసార్లు సెప్పినాను."

"ఏటన్నావు?"

"ఏటీ అన్నేదు."

"వందసార్లు సెప్పినానన్నావు. సుట్టుకోమని నానే నేర్పినానని పెద్దల ముందు సెప్పినోడివి."

"ముసలోణ్ణి. నోరు జారినాది. ఒరే, ఏలు కదపకు!"

"మాట తప్పించకు మావా. ఏది నిజం?"

"తాతా, కొడతన్నాది!"

"కొట్టనీ. రుసి సూస్తన్నాది. ఆగు. ఇంకా ఆగు. ఇప్పుడు లాగు!"

"రాట్నేదు! బరువు తాతా! లాగేస్తన్నాది!"

"పెద్దది. ఒరే, ఒగ్గీ!"

"నాను లాగగల్ను!"

"లాగలేవు. ఒగ్గీ!"

"సిమ్మాద్రీ, ఒగ్గీరా నాయనా! మావా, ఈడు ముందుకెల్లిపోతన్నాడు!"

"మొలతాడు ఒదలకు! కూకోయే, నీళ్లలోనే కూకో, బరువెయ్యి! ఒరే గుంటడా, సెయ్యి తెరు! తెరిసీ!"

"తాతా, ఏలు కాలిపోతన్నాది!"

"తెరిసినావా?"

"పోనాది. తాతా, మొత్తం పోనాది. దారం, కొంకి, అన్నీ."

"పోనీ. బయటికి రండి. ఇద్దరూ రండి."

"తిడతావా?"

"తిట్టను. ఏలు సూపించు. కాలినాది, అంతే. పసుపు రాస్తే పోతాది. నీకు గాలం ఎయ్యడం వచ్చీసినాది, ఇంకేటీ నేర్పక్కర్నేదు."

"సేప పట్టనేదు గదా."

"సేపని పట్టడం ఎవుడైనా నేరుస్తాడు. మొదటి సేప గంగమ్మదని సెప్పినాను గదా, దారంతో సహా తీసుకున్నాది. పోనీ."

"మావా, సీరంతా నీళ్లే, అడుగు పడ్డంనేదు."

"ఇసక మీద కూకో."

"ఒగ్గీసినాడు. సూసినావా? ఎనిమిదేళ్ల గుంటడు సెయ్యి తెరిసి ఒగ్గీసినాడు."

"సూసినాను."

"అంత మగాడు ఆళ్లయ్య ఎందుకు ఒగ్గలేకపోనాడు?"

"ఎండెక్కుతన్నాది. ఇంటికెల్లండి."

"అది నూలుదారం గదమ్మా. సుట్టుకోకపోయినా సేతిలో ఆగుతాది. నైలాను దారమైతే ఆగదు, జారిపోతాది. అందుకే అయ్య సుట్టుకునేవోడు."

"ఒరే, నోర్ముయ్యి."

"నిజం తాతా. నాకు సూపించినాడు. నూలుదారం ఉన్నన్నాళ్లూ అయ్య సుట్టుకోనేదు. అమ్మ ఆమదాలవలసలో ఎండుసేపలు అమ్మొచ్చి నైలాను దారం కొనిచ్చినాది సూడు, తెల్లది, దాంతోటే మొదలెట్టినాడు. మూడు సుట్లు సుడితే గాని ఆగదురా, కానీ తెగమన్నా తెగదు, మీయమ్మ మంచి దారం తెచ్చినాది అన్నాడు."

"నోర్ముయ్యమన్నాను గదరా! ఎల్లి పీతలు తవ్వుకో. ఎల్లు!"

"నానేటన్నాను తాతా?"

"ఎల్లరా!"

"మావా."

"రేపు లక్ష్ముడి కాడ ఇంకో దారం అడుగు. నూలుదే అడుగు."

"ఇటు తిరుగు మావా."

"గుంటడికి సలేస్తన్నాది. సొక్కా తొడుగు."

"ఆ రోజు ఆడి సేతి దారం నువ్వే కోసినావు. నాను పరుగెత్తుకొచ్చేసరికే కోసీసినావు. ఏ దారమని అడిగితే, పాత నూలుదారం అన్నావు."

"అన్నాను."

"నాను కొన్నది పాకలో ఉన్నాదన్నావు. సూస్తాను, తీసియ్యమన్నాను. తెల్లారేసరికి పాకే నేదు."

"నేదు."

"రెండేళ్లు. వాకిట్లోకొస్తే తలుపేసినాను. సచ్చినా నా గుంటడి సెయ్యి నీకు తగలనివ్వనన్నాను. ఒక్క మాట తిరిగి అన్నేదు నువ్వు."

"అని ఏటి సెయ్యాల."

"నా మొగుడి సేతికి ఉన్నది ఏ దారం మావా?"

"నూలుదారం."

"నా కళ్లల్లోకి సూసి సెప్పు."

"నూలుదారమే తల్లీ. ఎవులడిగినా నూలుదారమే."