మా పిడుగు డ్రమ్ముల దగ్గర్నుంచి లేచిన రోజు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న ఆర్కెస్ట్రా కండక్టర్ గారికి, మా బృందం చేసే చప్పుడును మొదటి రోజు నుంచీ ఓర్చుకుంటున్న పెద్దలకు, తోటి వాద్యకారులకు, ముందు వరసలో ఉన్న మా పిడుగు తల్లిగారికి, ఆమె భర్త అయిన మా బావగారికి, స్నేహితులందరికీ నమస్కారాలు. నలభై ఏళ్ళుగా కీబోర్డు వెనక దాక్కుని బతికినవాణ్ణి, మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే అంతా కాగితం మీద రాసుకొచ్చాను, కళ్ళజోడు మాత్రం ఇంట్లో మరిచిపోయాను. (నవ్వులు)

ఆమెకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇరవై నాలుగేళ్ళ కిందట మా డ్రమ్మర్ చెయ్యి విరిగితే, ఎవరో ఒక పంతొమ్మిదేళ్ళ బక్కపలచని అమ్మాయిని పంపించారు. మా సాధన గది అప్పట్లో ఒక వడ్రంగి దుకాణం మీద ఉండేది. ఆ అమ్మాయి కూర్చుని అర నిమిషం వాయించిందో లేదో, కిందనుంచి వడ్రంగి రంపం చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చి "ఏం పడిందండీ?" అని అడిగాడు. "పిడుగు" అన్నాడు మా గిటారిస్టు. (నవ్వులు) అంతే, ఆమెను అసలు పేరుతో పిలిచే అవసరం మాకు మళ్ళీ రాలేదు.

మాది జాజ్ ఫ్యూజన్. జాజ్‌కు నాలుగు రకాల దరువులు కలిపి, ఎవరికి తోచింది వాళ్ళు అక్కడికక్కడే అల్లుకుంటూ పోతాం; కాగితం మీద ఏమీ ఉండదు. ఆమెకు స్వరాలు రాయడం అటుంచి, చదవడం కూడా రాదు, మాకెవరికీ ఆ లోటు తెలియలేదు. అలాంటిది ఏడేళ్ళ కిందట ఒక రికార్డింగ్ రోజున ఆమె కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. పక్క గదిలో ఇరవై మంది వయొలిన్లు, సెల్లోలు వాయిస్తున్నారు, ఈమె మధ్యనున్న గాజు అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది.

"అన్నయ్యా, అంతమంది కలిసి అంత మెల్లగా వాయిస్తుంటే ఒళ్ళు జలదరించింది. మనమెందుకు ఎప్పుడూ అంత మెల్లగా వాయించం?"

"మెల్లగా వాయించేదానికైతే నువ్వెందుకే?" అన్నాను. నా వెనకే వచ్చిన మావాళ్ళందరూ నవ్వారు, ఇప్పుడు మీరు నవ్వినట్టే. ఆమె నవ్వలేదు. నేను గమనించలేదు.

ఆ వారమే తమ వీధిలో ఉండే వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వాయించి రిటైరైన మాస్టారి దగ్గర చేరింది. పదేళ్ళ పిల్లల పక్కన ముప్ఫై ఆరేళ్ళ మనిషి కూర్చుని స్వరాలు దిద్దుకుంది. ఇంట్లో భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచేస్తే, బావగారు ఆర్నెల్లు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. బావగారూ, తల దించుకోకండి, అది మీ గొప్పతనం. (నవ్వులు)

ఇక్కడినుంచి చెప్పేది నాకు కష్టమైన సంగతి.

ఆమె తను రాసిన మొదటి స్వరరచనను కండక్టర్ గారి ఆర్కెస్ట్రాకు పంపింది. కొత్తగా రాసేవాళ్ళకు ఏడాదికోసారి వాళ్ళు పెట్టే శిక్షణకు పిలుస్తూ జవాబు మా బృందం చిరునామాకు వచ్చింది. అధ్యక్షా, కింద సంతకం మీదే. నేను విప్పి చదివాను. సరిగ్గా ఆ తేదీల్లోనే మాకు పదకొండు ఊళ్ళలో కచేరీలున్నాయి. అవి కాగానే ఇద్దామనుకుని కీబోర్డు పెట్టెలో పెట్టాను. కచేరీలు అయ్యేసరికి గడువు దాటిపోయింది. దాటిపోయాక ఇవ్వడానికి మొహం చెల్లలేదు. తన రచన వాళ్ళకు నచ్చలేదనే ఆమె అనుకుంది. ఏడాది పాటు ఒక్క గీత గీయలేదు. బావగారు మళ్ళీ బల్ల మీద భోజనం చేశారు. నేను రోజూ ఆమె పక్కనే వాయించాను.

మాస్టారే పట్టుబట్టి మళ్ళీ రాయించారు. రెండోసారి పంపితే మళ్ళీ పిలుపు వచ్చింది, ఈసారి నేరుగా ఇంటికే. వెళ్ళిన మొదటి రోజే కండక్టర్ గారు "పోయినసారి పిలిస్తే పలకలేదేమమ్మా?" అని అడిగారట. సాయంత్రం నా దగ్గరకొచ్చి, "అన్నయ్యా, నాకేమైనా ఉత్తరం వచ్చిందా అప్పట్లో?" అంది. "లేదే, దారిలో ఎక్కడో పోయుంటుంది" అన్నాను. ఉత్తరం దాచినప్పుడు భయంతో దాచాను. ఈ అబద్ధం మాత్రం తడుముకోకుండా ఆడాను.

మొదటి రిహార్సల్లో ఫ్లూట్ వాయించే ఆవిడ మధ్యలో ఆపి, "నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలి తల్లీ?" అని అడిగారు. కర్రలతో వాయించే మనిషికి ఆ ప్రశ్నే ఎన్నడూ ఎదురుకాలేదు మరి. ఇంకొకరైతే ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. ఈమె ఎనిమిది నెలలు ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఎవరి ఊపిరి ఎంతసేపు ఉంటుందో, ఎవరి కమాను ఎక్కడ అయిపోతుందో అడిగి రాసుకుంది. ఆ ఒక్కొక్కరూ ఇవాళ వెనక వరసల్లో ఉన్నారు.

మూడు నెలల కిందట ఆ రచన వాయించారు. పెద్ద డ్రమ్ము దగ్గర నిలబడినాయన పద్దెనిమిది నిమిషాల్లో దాదాపు చెయ్యే ఎత్తలేదు. ఎత్తింది ఒక్కసారే, అదీ తాకీ తాకనట్టు. నేను లేచి చప్పట్లు కొట్టలేకపోయాను.

మర్నాడు సాధన గదిలో ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది. "ఆ ఏడాదంతా నాకు చేతకాదనుకున్నాను అన్నయ్యా" అని, కర్రలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి కూర్చోకుండానే చెప్పింది: "క్షమించానని అనలేను, ఇంకా రాలేదది. నేను బృందం వదిలేస్తున్నాను, ఉత్తరం కోసం కాదు, రాసుకోవడానికి. వీడ్కోలు సభ పెడితే మాత్రం నువ్వే మాట్లాడాలి. ఇది కూడా చెప్పాలి."

చెప్పాను తల్లీ.

మాస్టారికి, బావగారికి, సహనంతో విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మా బృందంలో ఒక పద్ధతి ఉంది: నేను తల ఊపితే గాని డ్రమ్ము మొదలవదు. ఇరవై నాలుగేళ్ళు ఆమె నా తలవైపు చూసి మొదలుపెట్టింది. ఇక ఎవరివైపూ చూడకు చెల్లీ. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు మొదలుపెట్టు. మేము కింద కుర్చీల్లో కూర్చుని వింటాం.

సెలవు.