సముద్రం కింద జర్మనీవాడు

శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక హూరాలోని మరియమ్మక్క గదిలో చేరి టీ తాగడం ఆ అరబ్బు దేశంలో పనిచేసే తెలుగువాళ్లకు అలవాటు. ఆ వేళ టీతోపాటు పెళ్లిచూపులు కూడా ఉన్నాయి. సైమన్ అమ్వాజ్‌లో ఏసీ మెకానిక్. క్రిస్టీనా ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో చంటిపిల్లాణ్ణి చూసుకుంటుంది. నచ్చాడో లేదో ఇవాళే చెప్పెయ్యాలంది మరియమ్మక్క. జన్మంతా కాపురం చేయాల్సిన మనిషి, ఒక్క కప్పు టీలో ఏం అర్థమవుతాడని క్రిస్టీనాకు ఒకటే గుబులు. సైమన్ మాత్రం ఎవరూ అడక్కుండానే అందుకున్నాడు.

"పెద్ద విశేషమేం కాదనుకోండి. పోయిన వేసవిలో మా ఇంజనీరు దొర నన్ను ఇంగ్లీషువాళ్ల సముద్రంలో ఉన్న వాళ్ల దీవికి తీసుకెళ్లాడండి, ఇంట్లో ఏసీ బాగుచెయ్యడానికి. అక్కడ సముద్రం ఒడ్డున పాతకాలపు కోట ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీవాళ్లు దాన్ని పట్టుకుని, గోడల్లోపల సిమెంటుతో బంకర్లు కట్టేశారు. టార్చి పట్టుకుని అలా వెళ్లి చూసొచ్చాను, అంతే."

"అంత చలిదేశంలో ఏసీ ఎందుకయ్యా?" అన్నాడు డ్రైవర్ భీమన్న.

"చలి మరీ ముదిరితే తగ్గించుకోడానికండీ! మీరు అడ్డురాకండి."

క్రిస్టీనా చప్పున తలెత్తింది. పోయిన వేసవిలో దొరవాళ్లతో ఆ కోటకు వెళ్లింది తను. తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పింది ఒక్క భీమన్నకే, ఆయనది ఆ ఇంట్లోనే డ్యూటీ. ఆయన ఆ కోట ముచ్చట సైమన్ చెవిన వేశాడే గానీ, అక్కడికి వెళ్లింది ఎవరన్నది చెప్పలేదు కాబోలు, ఇప్పుడు గోడకేసి చూస్తున్నాడు.

"నడుస్తున్నానండీ, నడుస్తున్నాను. కోట అయిపోయింది, ఒడ్డు అయిపోయింది, నేనింకా నడుస్తూనే ఉన్నాను. పైకప్పు మీద చేపలు తోకలతో కొడుతున్న చప్పుడు! ఎక్కడున్నానంటారు? సముద్రం కిందండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దూరంగా వెలుతురు. వెళ్లి చూస్తే పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. పక్కన తుపాకీ పట్టుకుని జర్మనీ సైనికుడు, గడ్డం మోకాళ్లదాకా!"

"ఇన్నేళ్లూ అక్కడే ఉన్నాడా?" అంది మరియమ్మక్క.

"డ్యూటీ దిగమని ఎవరూ చెప్పలేదటండి పాపం! 'యుద్ధం ఖలాస్ భాయ్, అయిపోయింది, యల్లా, పద, ఇంటికెళ్లు' అన్నాను. తుపాకీ కిందపెట్టి భోరున ఏడ్చి, 'మరి నా ఓవర్‌టైం?' అన్నాడు."

గది గొల్లుమంది. "మరేం చేశావ్?" అన్నాడు భీమన్న, నవ్వాపుకుంటూ.

"భుజాల మీద ఎక్కించుకుని జర్మనీదాకా ఈదానండీ! వాళ్లావిడకి అప్పజెప్పి, ఆవిడ పెట్టిన చేపల పులుసు తిని, చీకటి పడేలోగా వచ్చేసి ఏసీ బిగించాను."

క్రిస్టీనాకు ఆ బంకరు కళ్లముందు మెదిలింది. ఆ చీకట్లో బాబుని గుండెలకు హత్తుకుని వణికిపోయింది తను. ఇన్నాళ్లూ తలచుకుంటేనే భయం వేసేది. ఇప్పుడు నవ్వు ఆగడం లేదు.

"ఏవండీ, ఆ జర్మనీ ఆయన దగ్గర చంటిపిల్లాడి ఎర్రబూటు కనిపించిందా?" అంది. "మా దొరగారి బాబుదండి. పోయిన వేసవిలో అక్కడే జారిపోయింది."

భీమన్నకు టీ పొలమారింది. సైమన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు... వెళ్లారాండీ?"

"వెళ్లానండి. రెండు గదులు, చెమ్మ వాసన. సముద్రం కిందకి దారేదీ లేదు."

సైమన్ ఖాళీ కప్పునే ఎత్తి తాగబోయాడు. మరియమ్మక్క క్రిస్టీనా వైపు వంగి, "ఏమే, ఏం చెప్పమంటావ్?" అని మెల్లగా అడిగింది.

"సరేనని చెప్పక్కా. కానీ మా అమ్మకి ఫోను నువ్వే చెయ్యి. ఈయన చేస్తే, నన్ను జర్మనీ నుంచి మోసుకొచ్చానంటాడు."